పితృఋణము – వంశచరిత్రాన్వేషణము



ఆబ్దికం నాడు గానీ, మహాలయ పక్షంలో గానీ తర్పణం విడిచే సమయంలో పురోహితుడు కర్తను అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. గోత్రమేమి? తండ్రిగారి పేరేమి? తాతగారి పేరేమి? ముత్తాతగారి పేరేమి? తండ్రి పేరు వెంటనే చెబుతాము. తాత పేరు కూడా చెబుతాము. ముత్తాత పేరు దగ్గరకు వచ్చేసరికి చాలామంది ఇంట్లోని పెద్దవారి ముఖం చూస్తారు. పెద్దవారు లేని ఇంట్లో పురోహితుని ముఖమే చూస్తారు.

మానవుడు దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అనే మూడు ఋణాలతో జన్మిస్తాడని మన పెద్దలు చెప్పారు. పితృఋణం తీర్చుకునే తర్పణ విధిలో తండ్రిని వసురూపునిగా, తాతను రుద్రరూపునిగా, ముత్తాతను ఆదిత్యరూపునిగా భావించి పేరు చెప్పి తిలోదకం విడవాలి. తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు, మాతామహుడు, ఆయన పెద్దలు, వీరందరికీ అక్కడ స్థానం ఉన్నది. వివాహంలో ప్రవర చెప్పేటప్పుడు వరుని ఫలానావారి మునిమనుమడు, ఫలానావారి మనుమడు, ఫలానావారి కుమారుడు అని సభలో ప్రకటిస్తారు. తర్పణ విధి లేని కుటుంబాలవారు కూడా పెద్దల అమావాస్య నాడు కొత్త బట్టలు, వండిన పదార్థాలు పెద్దలకు పెట్టుకొని వారిని తలచుకుంటారు. ఆచారం ఏదైనా, తలచుకోవడానికి పేరు కావాలి.

పేరు తెలియనివారిని శాస్త్రం వెళ్లగొట్టలేదు. గోత్రం తెలియనివారు కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చునని దారి చూపింది. తమకంటూ నీళ్లు విడిచేవారు లేని జీవులకు సైతం తర్పణం చివర ఒక దోసెడు నీరు ఉంచింది. కనుక తెలియకపోవడం దోషం కాదు. తెలుసుకునే మార్గం ఉండి కూడా ప్రయత్నించకపోవడం లోపం. అంతకంటె పెద్ద లోపం మరొకటి ఉన్నది. తెలియని చోట ఒక గొప్ప పేరును కల్పించి వంశంలో చేర్చుకోవడం. పితరులకు మనం అర్పించవలసినది సత్యమైన పేరు. ఆ సత్యాన్ని వెతికే మార్గాలను పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ప్రాంతాల చరిత్ర ఆధారంగా ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

ఇంటి నుండి ఆరంభం

అన్వేషణ కచేరీలలో మొదలు కాకూడదు, ఇంట్లో మొదలు కావాలి. పాత జాతకచక్రాలు, పెళ్లి శుభలేఖలు, పంచాంగాల అంచుల్లో వ్రాసుకున్న జనన మరణ తిథులు, పేర్లు చెక్కించిన ఇత్తడి బిందెలు, పూజాపాత్రలు, ఇవన్నీ ఆధారాలే. ఇంట్లో అందరికంటె వయస్సు మళ్లిన స్త్రీని ముందుగా అడగాలి. మగవారు ఆస్తి వివరాలు గుర్తుంచుకుంటారు. ఎవరి పురుడు ఎక్కడ జరిగింది, ఎవరిని ఏ ఊరికి ఇచ్చారు, ఏ బిడ్డ పసితనంలోనే పోయింది అన్నవి ఎక్కువగా స్త్రీలకే తెలుస్తాయి.

ఇక్కడ రెండు చిక్కులు ఎదురవుతాయి. మొదటిది పేర్ల పునరావృత్తి. తాత పేరు మనుమనికి పెట్టడం మన ఆచారం. అందువలన ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. వంద సంవత్సరాల నాటి కాగితంలో వెంకటప్ప అని ఉంటే ఆయన మన ముత్తాతయా, ముత్తాతకు తాతయా అన్నది తండ్రి పేరు కూడా కలిపి చూస్తేనే తేలుతుంది. రెండవది సంవత్సరాల లెక్క. పెద్దలు ప్రభవాది సంవత్సరాల పేర్లతో కాలం చెబుతారు. ఆ పేరు 60 ఏళ్లకొకసారి మళ్లీ వస్తుంది. ధాత నామ సంవత్సరం 1876–77లో వచ్చింది, 1936–37లో వచ్చింది, 1996–97లోనూ వచ్చింది. "మా జేజి ధాతలో పుట్టింది" అని వింటే ఏ ధాత అన్నది వారి పిల్లల వయస్సులను బట్టి నిర్ణయించుకోవాలి. రెవెన్యూ లెక్కలలో ఫసలీ సంవత్సరం వాడతారు. దానికి 590 కలిపితే ఆంగ్ల సంవత్సరం వస్తుంది. శాసనాలలోని శక సంవత్సరానికి 78 కలపాలి.

ఇంటిపేరు కూడా ఒక దారి చూపుతుంది. ఊరి పేరు ఇంటిపేరుగా ఉన్నవారు చాలామంది ఉన్నారు. రొద్దంలో ఉన్నంతకాలం ఎవరినీ రొద్దం వారు అని పిలువరు. ఆ ఊరు విడిచి మరొక ఊరికి వచ్చిన తరువాతనే ఆ పేరు నిలుస్తుంది. అంటే అటువంటి ఇంటిపేరు ఆ వంశం వలస వచ్చిందని, ఎక్కడినుండి వచ్చిందో కూడా మనకు తెలుపుతున్నది.

ఊరు కదలలేదు, జిల్లా కదిలింది

మన ప్రాంతంలో పూర్వుల కోసం వెతికేవారు ముందుగా గ్రహించవలసిన చారిత్రక విషయం ఒకటి ఉన్నది. ఇప్పుడు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. ఆ జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకుముందు ఇవి అనంతపురం జిల్లాలోనివి. అనంతపురం జిల్లాను బళ్లారి జిల్లా నుండి విడదీసి 1882లో ఏర్పరచారు. కనుక 1882కు పూర్వపు కాగితాలలో మన ఊళ్లు బళ్లారి జిల్లా క్రింద ఉంటాయి. కదిరి 1910 వరకు కడప జిల్లాలోనిది. రాయదుర్గం ఆ తరువాతి కాలంలో బళ్లారి నుండి అనంతపురానికి వచ్చింది. పెద్ద ఊరి పేరు, తాలూకా పేరు, జిల్లా పేరు కాలంతో మారినందువలన, అనంతపురం అని మాత్రమే వెతికేవారికి తమ ముత్తాత కాలపు కాగితం కనిపించదు.

అంతకంటె వెనుకకు వెళితే పాలకులే మారారు. 1565 నాటి రక్కసి తంగడి యుద్ధం తరువాత విజయనగరం పాడుబడగా, తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగా చేసుకొన్నాడు. 16వ శతాబ్ది చివరికి రాజధాని చంద్రగిరికి తరలిపోయింది. తదుపరి కాలంలో బీజాపూరు సుల్తానులు, మొగలులు, మరాఠా సర్దారులు, పాలెగాళ్లు, హైదరాలీ, టిప్పు సుల్తాను ఈ సీమ మీద అధికారం చేశారు. 1799లో టిప్పు మరణానంతరం ఈ భాగం నిజాముకు దక్కింది. 1800లో నిజాము దీనిని ఈస్టిండియా కుంఫిణీకి ఇచ్చివేశాడు. అందుకే మన సీమకు దత్తమండలాలనే పేరు వచ్చింది. ఆ మండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1802లో భూముల పైమాషీ ప్రారంభించి, పొలం పొలానికీ రైతు పేరు వ్రాయించాడు. సామాన్య కుటుంబానికి కాగితం మీద పేరు దొరికే కాలం చాలావరకు అక్కడినుండే ఆరంభమవుతున్నది. దానికి వెనుక రెండు వందల ఏళ్ల కల్లోలం ఉన్నది. ఆ కాలం గురించి ఏ కుటుంబమైనా వరుస తప్పకుండా పేర్లు చెబుతూ ఉంటే, వాటికి ఆధారమేమని వినయంగా అడగడం తప్పు కాదు.

కరణం కవిలెలు, ఇనాం రిజిస్టర్లు

గ్రామ లెక్కలు వ్రాసిన వారు కరణాలు. వారి ఇళ్లలోని కవిలెలలో భూమి లెక్కలతో పాటు ఊరి పుట్టుక, చెరువు కట్టినవారి పేరు, గుడికి మాన్యం ఇచ్చినవారి పేరు కూడా వ్రాయబడి ఉండేవి. 18వ శతాబ్ది చివర, 19వ శతాబ్ది ఆరంభంలో కాలిన్ మెకంజీ దొర, ఆయన దగ్గర పనిచేసిన కావలి వెంకట బొర్రయ్య సోదరులు, వారి సహాయకులు ఊరూరా ఇటువంటి వృత్తాంతాలను సేకరించారు. వాటికే కైఫీయత్తులని పేరు. ఆ సంపుటాలలో చాలా భాగం చెన్నైలోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో ఉన్నది. మన ఊరి కైఫీయతు దొరికితే, అందులో రెడ్డి, కరణం, అర్చక కుటుంబాల ప్రస్తావన ఉండే అవకాశమున్నది.

1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. ఆ మార్పు మంచిచెడ్డల చర్చ ఇక్కడ అప్రస్తుతం. కాగితాల విషయంలో మాత్రం దాని ఫలితం ఉన్నది. ప్రభుత్వానికి అప్పగించిన లెక్కలు తాలూకా కచేరీలకు చేరాయి. సొంత కవిలెలు ఇళ్ల అటకల మీద మిగిలిపోయాయి. వాటిలో ఎన్నో చెదలపాలైనాయి. పాత కాగితాలు గల ఇల్లు ఇప్పటికీ మీ ఊరిలో ఉంటే, ఆ ఇంటివారిని గౌరవంగా కలుసుకొని, వారి ఎదుటనే ఛాయాచిత్రాలు తీసుకొనండి. అసలు కాగితం వారి వద్దనే ఉండనివ్వండి.

దేవాలయాలతో సంబంధమున్న కుటుంబాలకు ఇనాం రిజిస్టరు నిధివంటిది. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమీషనును నియమించింది. ఆ కమీషను ఇనాం భూములన్నింటినీ విచారించి, ఒక్కొక్క ఇనాముకు దానిని మొదట ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, పూర్వపు లెక్కలలో ఎవరి పేర ఉన్నది, విచారణ నాటికి ఎవరు అనుభవిస్తున్నారు, వారి వయస్సెంత అన్న వివరాలను వ్రాయించింది. అర్చకత్వం, భజంత్రీ సేవ, దీపారాధన, పూలమాలలు కట్టే సేవ, తలారి పని, కరణికం, వీటన్నింటికీ ఇనాములు ఉండేవి. మన సీమలో చెరువులు కట్టించినవారికి, మరమ్మతు చేయించినవారికి ఇచ్చిన దశబంధం ఇనాములు కూడా అధికం. 1860 ప్రాంతంలో నలభై ఏళ్ల వయస్సు గల ఒక భజంత్రీ పేరు ఆ రిజిస్టరులో దొరికిందంటే, ఆయన పుట్టిన కాలం 1820 ప్రాంతమని తెలుస్తుంది. ఆయనకు ముందు ఆ సేవ చేసినవారి పేరు కూడా ప్రక్కనే ఉంటే మరొక తరం వెనుకకు వెళ్లగలము. 1956 నాటి ఇనాముల రద్దు చట్టం క్రింద జరిగిన విచారణల కాగితాలు ఆ తరువాతి తరాలను కలుపుతాయి. ఈ రెండింటినీ జతచేసి చదివితే సుమారు వంద సంవత్సరాల వంశక్రమం నిలబడుతుంది.

దస్తావేజులు చెప్పే సంగతులు

భూమి ఉన్న కుటుంబాలకు సబ్-రిజిస్ట్రారు కార్యాలయం రెండవ ఆకరం. అక్కడి ఒకటవ సూచిక మనుషుల పేర్లతో, రెండవ సూచిక ఆస్తి వివరాలతో ఉంటుంది. నిర్ణీత రుసుము చెల్లించి స్థిరాస్తి దస్తావేజుల సూచికలను వెతికించుకోవచ్చు. క్రయదస్తావేజు కంటె భాగపరిష్కార దస్తావేజు, మన సీమలో పారీఖత్తు అని వాడే కాగితం, వంశచరిత్రకు ఎక్కువగా ఉపకరిస్తుంది. అందులో అన్నదమ్ములందరి పేర్లు, మరణించినవారి కుమారుల పేర్లు, కొన్నిట విధవరాలైన తల్లికి వదలిన జీవనాధారం కూడా ఉంటాయి. చెక్కుబందిలో వచ్చే ఇరుగుపొరుగు రైతుల పేర్లను, సాక్షుల పేర్లను విడిచిపెట్టకూడదు. సాక్షి సంతకం చేసినవాడు తరచుగా బావమరిదియో, మేనమామయో అయి ఉంటాడు.

జనన మరణాల లెక్కలకు మద్రాసు రాష్ట్రంలో 1899లో చట్టం వచ్చింది. ఇప్పుడు అమలులో ఉన్నది 1969 నాటి చట్టం. పాఠశాల ప్రవేశ పుస్తకాలలో విద్యార్థి పేరుతో పాటు తండ్రి పేరు, స్వగ్రామం, పుట్టిన తేదీ ఉంటాయి. ఆ తేదీని మాత్రం జాగ్రత్తగా పరిశీలించాలి. బడిలో చేర్చుకోవడానికి వీలుగా చెప్పిన వయస్సు ఒకటి, జాతకంలోని తిథి మరొకటి అయిన ఇళ్లు లెక్కకు మించి ఉన్నాయి. 1871 నుండి మన రాష్ట్రంలో క్రమంగా జనాభా లెక్కలు జరుగుతూ వచ్చినా, ముద్రిత సంపుటాలలో మనుషుల పేర్లు ఉండవు. ఏ ఊరిలో ఎందరు అన్న సంఖ్యలే ఉంటాయి. ఆ సంఖ్యలకూ ఒక ప్రయోజనమున్నది. 1876–78 నాటి ధాత, ఈశ్వర సంవత్సరాల కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు దారుణంగా దెబ్బతిన్నాయి. మీ వంశవృక్షంలో ఆ కాలంలో ఒక కొమ్మ హఠాత్తుగా ఆగిపోతే, ఆ ఊరి జనసంఖ్యను 1871లోను, 1881లోను పోల్చి చూడండి. ఆగిన కొమ్మకు కారణం తెలియవచ్చు.

లేపాక్షి నేర్పే పాఠం

హిందూపురానికి సమీపంలో ఉన్న లేపాక్షి వీరభద్రాలయాన్ని దర్శించనివారు మనలో అరుదు. దానిని విస్తరింపజేసిన విరుపణ్ణ అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండలో అధికారిగా ఉన్నవాడు. కోశాగార ధనాన్ని అనుమతి లేకుండా ఆలయానికి ఖర్చు చేశాడని రాజు ఆగ్రహించగా, విరుపణ్ణ తన కన్నులను తానే పెరికి గోడకు కొట్టాడని ఐతిహ్యం. గోడమీది ఎర్రని మరకలను ఇప్పటికీ చూపిస్తారు.

ఆలయ శాసనాలను చూస్తే మరొక చిత్రం కనబడుతుంది. ఎక్కువగా కన్నడంలో ఉన్న ఆ శాసనాలు స్వామికి ఇచ్చిన భూములను, గ్రామాలను పేర్కొంటాయి. విరుపణ్ణను నంది లక్కిసెట్టి కుమారునిగా చెబుతాయి. కన్నుల ఉదంతం వాటిలో లేదు. అందువలన ఐతిహ్యాన్ని పారవేయాలని కాదు. ప్రజలు ఆ త్యాగాన్ని ఇన్ని తరాలు గుర్తుంచుకున్నారన్నది కూడా చరిత్రే. కానీ శాసనం చెప్పినదానిని శాసనం పేరనే, జనం చెప్పినదానిని జనం పేరనే వ్రాసుకోవాలి. రెండూ ఒకే పంక్తిలో కలిపివేస్తే తరువాతి తరానికి ఏది ఏదో తెలియకుండా పోతుంది. విరుపణ్ణ అంతటివాని విషయంలోనే ఈ జాగ్రత్త అవసరమైనప్పుడు, మన ఇంటి కథల విషయంలో ఎంత అవసరమో ఆలోచించండి.

పెనుకొండ చుట్టుప్రక్కల "మావాళ్లు హంపి నుండి రాయలవారి వెంట వచ్చారు" అని చెప్పుకునే కుటుంబాలు పెక్కు ఉన్నాయి. రాజధాని నిజంగానే తరలివచ్చింది కనుక ఆ మాట అసంభవం కాదు. సంభవమైనదంతా జరిగినట్లు కాదు. ఆ మాటను "పెద్దలు చెప్పినది" అన్న శీర్షిక క్రింద వ్రాసుకొనండి. కాగితం దొరికిన నాడు దానిని శీర్షిక మార్చి వ్రాసుకోవచ్చు.

మగ్గం, సరిహద్దు, ఓడ

భూమి లేని కుటుంబాల మాట ఏమిటని ధర్మవరం వంటి ఊరివారు అడగవచ్చు. ధర్మవరం చెరువును క్రియాశక్తి ఒడెయరు కట్టించి, తన తల్లి ధర్మాంబ పేరట ఊరికి ఆ పేరు పెట్టాడని స్థానిక సంప్రదాయం. చెరువు క్రింద పొలమున్నవారి పేర్లు అడంగలులో ఉంటాయి. పట్టుచీరలు నేసి ఆ ఊరికి దేశమంతటా పేరు తెచ్చిన చేతుల పేర్లు అందులో ఉండవు. నేతవారి ఆధారాలు వేరు. కుంఫిణీ కాలంలో మగ్గాల మీద, వృత్తుల మీద మొహతర్ఫా అనే పన్ను ఉండేది. ఆ పన్ను లెక్కలు, తరువాతి కాలపు నేత సహకార సంఘాల సభ్యత్వ పుస్తకాలు, షావుకార్ల ఖాతాలు, ఇల్లు తాకట్టు పెట్టిన దస్తావేజులు, కులదేవత జాతరకు చందా ఇచ్చినవారి పట్టికలు, ఇవి వారికి అడంగలు వంటివి. అప్పు కాగితం చూసి సిగ్గుపడనక్కరలేదు. కష్టకాలంలో ఇంటిని తాకట్టు పెట్టి మగ్గాన్ని నిలబెట్టుకున్న ముత్తాత పేరు ఆ కాగితం వల్లనే మనకు దక్కుతున్నది.

హిందూపురంవారికి సరిహద్దు మరొక సమస్య. ఊరు దాటితే కర్ణాటక. పావగడ, మధుగిరి, గౌరిబిదనూరు ప్రాంతాలతో ఇచ్చిపుచ్చుకోవడాలు తరతరాలుగా ఉన్నాయి. 19వ శతాబ్ది చివరి దశకంలో గుంతకల్లు, ధర్మవరం, హిందూపురాల మీదుగా బెంగళూరుకు రైలు వచ్చిన తరువాత వర్తకానికి వచ్చి స్థిరపడినవారూ ఉన్నారు. కనుక ఒక అన్న కుటుంబం కాగితాలు మద్రాసు రాష్ట్రపు లెక్కలలో, తమ్ముని కుటుంబం కాగితాలు మైసూరు సంస్థానపు లెక్కలలో ఉండవచ్చును. ఆవలి వైపు శాసనాలను లూయీ రైస్ పండితుడు ఎపిగ్రాఫియా కర్ణాటికా సంపుటాలలో ప్రకటించాడు. పావగడ వైపువారు తుమకూరు జిల్లా సంపుటాన్ని, గౌరిబిదనూరు వైపువారు పాత కోలారు జిల్లా సంపుటాన్ని చూడాలి. అదే మనిషి ఈవల వెంకటప్ప, ఆవల వెంకటప్పయ్య అయి కనిపించినా ఆశ్చర్యపడకూడదు.

మరికొందరు సముద్రమే దాటారు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి కూలివారితో దక్షిణాఫ్రికాలోని నాతాల్ చేరింది. అంతకుముందే 1834 నుండి మారిషస్‌కు, 1903 నుండి మద్రాసు రేవు ద్వారా ఫిజీకి మనవారు వెళ్లారు. ఆ వలస పట్టికలలో పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు, తాలూకా, జిల్లా వ్రాసేవారు. మారిషస్‌లోని మోకాలో ఉన్న మహాత్మాగాంధీ సంస్థ అటువంటి కాగితాలను భద్రపరచింది. నాతాల్ పట్టికలు ఇంటర్నెట్‌లోనే లభిస్తున్నాయి. ఆ దేశాలలో ఐదారు తరాలు గడిచిన తరువాత కూడా తమ పెద్దల ఊరి పేరు పట్టుకొని ఇక్కడికి వచ్చేవారు ఉన్నారు. దొర చెవికి వినబడినట్లు వ్రాసిన ఊరి పేరు, ఇప్పుడు లేని పాత జిల్లా పేరు, ఈ రెండే వారి చేతిలో ఉంటాయి. అటువంటివారు మీ గుడి ముందు నిలిచి అడిగినప్పుడు, మీ దగ్గరున్న పాత లెక్క ఒక్కటి చాలు వారి పేరు కలవడానికి.

తెరమీద కనిపించేది, కనిపించనిది

నేడు చాలా సమాచారం ఇంట్లో కూర్చుని చూడగలుగుతున్నాము. ఆంధ్రప్రదేశ్‌లో దస్తావేజుల నమోదు కంప్యూటరీకరణ 1998లో ఆరంభమైంది. 1983 తరువాతి లావాదేవీల ఈ.సి.లను ఇంటర్నెట్‌లో తీసుకోవచ్చు. 2015లో ప్రారంభమైన మీభూమి ద్వారా అడంగలు, 1-బి చూడవచ్చు. దక్షిణభారత శాసన సంపుటాలు, 1905లో ఫ్రాన్సిస్ దొర వ్రాసిన అనంతపురం జిల్లా గెజిటీరు వంటి గ్రంథాలు కూడా ఉచితంగా దొరుకుతున్నాయి. హరిద్వారం మొదలైన క్షేత్రాలలో పండాలు తరతరాలుగా యాత్రికుల పేర్లు వ్రాసుకున్న పుస్తకాలలో కొన్నింటిని ఫ్యామిలీసెర్చ్ అనే సంస్థ ఫొటోలు తీసి అందుబాటులో ఉంచింది. పండాల పుస్తకాలు సాధారణంగా స్వస్థలాన్ని బట్టి అమర్చబడి ఉంటాయి. కాశీగయలకు వెళ్లే యాత్రికులు తమ ఊరి పేరుతో పాటు పాత తాలూకా, పాత జిల్లాల పేర్లు కూడా వ్రాసుకొని వెళితే వెతకడం సులభమవుతుంది.

అయితే తెరమీద ఉన్నది సముద్రంలో ఒక చెంబెడు నీరు మాత్రమే. మీభూమిలో ఇప్పటి పట్టాదారు పేరు కనిపిస్తుంది. ఆయన తాత పేరు కనిపించదు. దానికి తహసీల్దారు కార్యాలయంలోని పాత అడంగళ్లు, రీసెటిల్మెంటు రిజిస్టరు చూడాలి. 1983కు ముందటి దస్తావేజులకు సబ్-రిజిస్ట్రారు కార్యాలయానికే వెళ్లాలి. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షాన్ని చూసి, ఇంటిపేరు కలిసిందని మన కొమ్మను దానికి అంటు కట్టడం తగదు. ఒకే ఇంటిపేరు వేరువేరు గోత్రాలలో, వేరువేరు కులాలలో కూడా ఉంటుంది. కంప్యూటరు ఎక్కడ వెతకాలో చూపుతుంది. ఆ పేరు మన పూర్వునిదేనని నిశ్చయించడానికి ఇంటి పెద్దల మాట, కచేరీ కాగితం, రెండూ కలవాలి.

వ్రాయబడని పేర్లు

ఈ అన్వేషణలో మనస్సును కలతపెట్టే విషయం ఒకటి ఉన్నది. వెనుకకు వెళ్లేకొద్దీ స్త్రీల పేర్లు కనిపించవు. పట్టాదారుకు తండ్రి పేరు ఉంటుంది, తల్లి పేరు ఉండదు. అలాగే సొంత భూమి లేక ఇతరుల పొలాలను తరతరాలు దున్నినవారి పేర్లు, ఊరికి కాపలా కాచినవారి పేర్లు, గుడి రాళ్లు మోసినవారి పేర్లు ఏ అడంగలులోనూ ఉండవు. కాగితం పన్ను కోసం పుట్టింది. పన్ను కట్టనివానిని అది గుర్తించలేదు.

మన కర్మకాండ ఈ విషయంలో కచేరీ కంటె ఉదారమైనది. తర్పణంలో తల్లికి, నాయనమ్మకు, ఆమె అత్తగారికి పేరుపేరునా నీరు ఉన్నది. కనుక కచేరీలో దొరకని మాతృమూర్తుల పేర్లు పురోహితుని పుస్తకంలో, ఆబ్దికాల పట్టికలో దొరికే అవకాశమున్నది. వంశవృక్షం వ్రాసేవారు మగవారి గీతలు మాత్రమే గీసి ముగించడం, శాస్త్రం ఇచ్చిన స్థానాన్ని మనమే తీసివేయడం అవుతుంది. కోడళ్ల పేర్లు, వారి పుట్టినిళ్లు, ఆడపడుచుల మెట్టినిళ్లు, పసితనంలో పోయిన బిడ్డలు, అందరినీ చేర్చాలి.

వెతుకులాటలో గొప్పలు దొరకకపోవచ్చు. ముత్తాత మంత్రి కాడని, ఒక చిన్న మాన్యం మీద బ్రతికినవాడని తెలియవచ్చు. వెట్టి చేసినవాడని, కరువులో ఊరు విడిచినవాడని తెలియవచ్చు. అన్నదమ్ముల మధ్య జరిగిన అన్యాయం ఒకటి దస్తావేజులో బయటపడవచ్చు. దానిని పట్టుకొని నేటి దాయాదులపై వ్యాజ్యం వేయడానికో, మరొకరి వంశాన్ని తక్కువ చేయడానికో ఈ జ్ఞానాన్ని వినియోగించకూడదు. ఆ కష్టాల నడుమ బిడ్డలను బ్రతికించి మనవరకు తెచ్చినవారు వారు. వారు ఉన్నట్లుగానే వారిని స్మరించడం మన ధర్మం.

రాబోయే మహాలయ పక్షంలోగా ప్రతి కుటుంబమూ ఒక గట్టి అట్ట పుస్తకం తీసుకొనాలి. ఒక పేజీకి ఒక వ్యక్తి చొప్పున పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, తిథి, ఈ సంగతి ఎవరు చెప్పారు లేక ఏ కాగితంలో ఉన్నది అన్నవి వ్రాయాలి. తెలియని చోట ఖాళీ విడవాలి. ఆ పుస్తకానికి రెండు ప్రతులు చేసి, ఒకటి దూరదేశంలో ఉన్న పిల్లలకు పంపాలి. ఇంట్లో ఎనభై ఏళ్లు దాటినవారు ఉంటే ఈ పని రేపటికి వాయిదా వేయవద్దు. శిథిలమైన రిజిస్టరుకు ఎక్కడో ఒక నకలు ఉండవచ్చు. ఆ పెద్దవారి జ్ఞాపకానికి నకలు లేదు.

లేపాక్షి వీరభద్రస్వామి, ధర్మవరం లక్ష్మీచెన్నకేశవస్వామి అనుగ్రహంతో మీ అందరి పితృదేవతలు తృప్తి పొందాలని ప్రార్థిస్తూ ఇంతటితో విరమిస్తున్నాను.